ఎంగిలి పండ్లు

మానుకోటల రుక్మిణక్కను పేరు పెట్టి పిలిచెటోళ్ళు తక్కువ. ఎంగిలి రుక్కమ్మ అనేటోళ్ళు. ముఖం మీద అనకపోతుండె, అంటె ఆమె ఊకోదు, ఏడు తరాలు తవ్వి పోస్తది. ఆ పేరు ఎందుకొచ్చిందంటె, ఆమె పనే అసొంటిది. టేషన్ రోడ్ల మహీధర్ సారు పండ్ల దవాఖాన ఉండె. అండ్ల పద్నాలుగేండ్ల సంది ఆమె మంది పండ్లు కడుగుతుండె. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. ముసలోళ్ళ పెట్టుడు పండ్ల సెట్లు, వంకర పండ్ల పిల్లల తీగెలు, నోట్ల తొడుక్కునే అద్దమసొంటి తొడుగులు, అన్నీ ఆమె చేతులకెళ్ళే పోవాలె. ఒకల నోట్లకెళ్ళి తీసింది అరచేతిల పట్టుకుని వాసన చూసి, "నిన్న సేపలు తిన్నవు, కడుక్కోలే" అని అక్కడ్నే చెప్పేది. అవతలాయన సర్పంచైనా సరే, పటేలైనా సరే.

నేను అదే దవాఖానల చీటీలు రాస్తుంటి. నా పేరు భాగ్య, మాది మరిపెడ. ఇంటరు ఫేలైన, గాలికి తిరగొద్దని మా బాపు ఈడ కూసోబెట్టిండు. రుక్మిణక్క నన్ను మొదటి దినమే తిట్టింది, చెయ్యి కడుక్కోకుండ డబ్బ ముట్టిన్నని. ఆ దినం నాకు మస్తు కోపమొచ్చింది. ఇప్పుడు ఆ తిట్లే యాదికొస్తున్నయి, ఏం జేయాలె.

ఆమెకు మొగుడు లేడు, ఉన్నడో పోయిండో తెల్వది, సూరత్ దిక్కు పోయి మళ్ళ రాలే. పిల్లల్లేరు. ఒక్క తమ్ముడు గణపతి, భూపాలపల్లిల బొగ్గుబాయి పని. ఇగ ఉన్నది ఈ పండ్లే. తొడుగులను పసిపిల్లలను కడిగినట్టు కడిగేది. సల్లటి నీళ్ళు, మెత్తటి చిన్నపిల్లల బ్రష్షు, ఒక్క చుక్క సబ్బు నీళ్ళు, అంతే. పేస్టు పెట్టనియ్యదు. పేస్టుల ఇసుక లెక్క ఉంటది, తొడుగు గీతలు పడి మసకైతది, ఆ గీతల్లనే పాచి కూసుంటది అని చెప్పేది. ఉడుకు నీళ్ళు వద్దు, వంకర పోతది. తొడుగు పెట్టుకుని చాయ్ తాగొద్దు, పాను నమలొద్దు. తీసేటప్పుడు ముంగట గోరు పెట్టి గుంజొద్దు, ఎనకకెళ్ళి రెండు దిక్కుల లేపాలె. వచ్చినోళ్ళందరికి ఆఖరుకు ఒక్క మాట చెప్పేది: "తొడుగు నోట్లన్న ఉండాలె, డబ్బలన్న ఉండాలె. మూడో జాగ లేదు." అయినా మంది వింటరా? ఒకాయన కాయితంల చుట్టి మిర్చి బజ్జీల కాయితంతోని పారేసిండు. ఇంకొకాయన కల్లు మండువల తాటిమట్ట మీద మర్చిండు. అక్క ఆ ఇద్దర్ని తిట్టిన తిట్లు బజారంత విన్నది.

ఇంకొక సంగతి చెప్పాలె. ఊరందరి పండ్లు చూసే ఆమె పండ్లు మాత్రం వంకరే. ముంగటి రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండె. సారు సరిజేస్త అంటె, వద్దు సారు, నా పండ్లను ఎవలు చూస్తరు అనేది.

రెండువేల పదకొండు. సకల జనుల సమ్మె. యాదికుంది గదా? బస్సులు లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు బాయిలన్ని బంద్. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దేవునికే ఎరుక. మా దవాఖానకు గూడ సారు బోర్డు తిప్పి పెట్టిండు, గని పంటినొప్పికి సమ్మె తెల్వదు గదా, సగం షట్టరు లేపి కూసునెటోళ్ళం.

బతుకమ్మ ఇంక రెండు దినాలున్నదనంగ, రైలు రోకో నాడు, పొద్దుమూకె యాల్ల నరేందర్ వచ్చిండు. కేసముద్రం తొవ్వల ఉన్న తండా పిలగాడు, పందొమ్మిదేండ్లుంటయి. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు, తువ్వాలంత నెత్తురు. పట్టాల మీద కూసున్నరంట, పోలీసులొచ్చిండ్రని అందరు లేచి ఉరికిండ్రంట, వీడు కాలు సిలీపర్ కు తట్టి రైలు పట్టా మీద బోర్లబడ్డడు. పెదవి చీలింది. పైన ముంగటి పండ్లు రెండు చిగురుల నిలవడ్తలేవు, నాలికె తాకితే ఊగుతున్నయి.

దెబ్బ తాకినందుకు గాదు ఆ పిలగాడు ఏడ్సుడు. వాడు మిలిటరీ సెలెక్షన్ల ఉరుకుడు గెలిచిండు, ఎత్తు సరిపోయింది, ఛాతి సరిపోయింది. చెవులల్ల గుమిలి ఉన్నదని తిప్పి పంపి, కడిగించుకుని దీపావళి ఎల్లినంక రెండో దినం సికింద్రాబాదుకు రమ్మని తారీఖు ఇచ్చిండ్రు. ఆడ పండ్లు ఒక్కొక్కటి ముట్టి చూసి లెక్కపెడతరంట. ఊగే పన్ను కనవడ్డదా, ఇంటికి పో అంటరు. దానికి తోడు ఇంకోటి. పట్టాల మీదున్నోళ్ళ పేర్లు పోలీసులు రాస్తున్నరు. కేసుల పేరెక్కితె మిలిటరీ ముచ్చట అప్పుడే ఖతం. నోరు పగిలిన పిలగాడెవడని అప్పటికే అడుగుతున్నరంట.

నేను చీటీ మీద పేరు రాయబోయిన. రుక్మిణక్క నా చేతిల పెన్ను గుంజుకున్నది. సారు చూసి, చీటీని పక్కకు నూకి పిలగాన్ని కుర్చీల కూసోబెట్టిండు.

సారు పండ్లను ఎనకకు సర్ది, పెదవికి కుట్లేసి, నోటి అచ్చు తీసి, సుద్దతోని బొమ్మ చేసి, దాని మీద అద్దం తొడుగు చేసిండు. పెట్టుకుంటె కనవడనే కనవడదు. అది ఊగే పండ్లను పక్క పండ్లతోని కలిపి పట్టుకుంటది. నెల దినాలు రాత్రింబగళ్ళు ఉండాలె, కడిగేటందుకే తియ్యాలె, పండ్లు మళ్ళ ఏరు పట్టుకుంటయి అని చెప్పిండు. పుండు ఉన్నది గాబట్టి కాగవెట్టి సల్లార్చిన నీళ్ళల్ల కడుక్కోమన్నడు. జావ, పాలు, మెత్తటి బువ్వ, అంతే. తెల్లారి సారు పెండ్లాం పిల్లలను తీసుకుని జనగామల వాళ్ళ ఊరికి పోయిండు, రోడ్లు బందై ఆడనే చిక్కిండు. తాళంచెవి రుక్మిణక్క కొంగుకుండె.

అయిదో దినం నరేందర్ మళ్ళొచ్చిండు. ఎంట వాళ్ళమ్మ సీతాబాయి. పిలగాడు అరచేతిల ఉన్నది చూపెట్టిండు. అమ్మో. తొడుగు పచ్చగ గుమ్మడిపువ్వు రంగైంది, ఎండకు పెట్టిన అప్పడం లెక్క వంకర తిరిగింది. నోట్ల పడ్తలేదు. పండ్లు మళ్ళ ఊగుతున్నయి.

రుక్మిణక్క అప్పుడు తిట్టిన తిట్లు నేను రాయ. దవాఖాన తలుపులు అదిరినయి. సీతాబాయి అన్ని విని, చేతులు జోడించి చెప్పింది.

"బంగారం లెక్క చూసుకున్న బాయీ. పుండుకు తాకేది గదా, పసుపేసి ఉడకవెట్టిన."

సారు తెలుగుల చెప్పిండు, పిలగాడు ఇంటికి పోయి వాళ్ళ లంబాడి మాటల చెప్పిండు. కాగవెట్టుడు దాక ఆ తల్లికి సమజైంది, సల్లార్చుడు దాక పోలే. పుండంటె పసుపు, అది ఏ తల్లికి ఎవలు నేర్పాలె? మా అమ్మయినా అదే చేస్తుండె. అక్క ఆ తొడుగును బల్ల మీద పెట్టింది. తప్పు నాది, తల్లిని కూసోబెట్టి నేను చెప్పాల్నుండె అన్నది. రుక్మిణక్క తప్పు నాది అనంగ నేను విన్నది అదే మొదలు.

నేను సారుకు ఫోన్ కొట్టిన. సారు అన్ని విని, సోమారం దాక ఆగుమని చెప్పు, రోడ్డు తెరిస్తె వస్త, రుక్మిణిని మాత్రం మిషిని ముట్టొద్దని చెప్పు అన్నడు. తొడుగులు చేసే ఆ మిషిని ఖరీదైంది, దాని ఉడుకుకు చేతులు కాల్తయి. అక్క ఫోన్ తీసుకుని "సరే సారు" అని పెట్టేసింది. పెట్టేసి నా దిక్కు తిరిగి, షట్టర్ దించు అన్నది.

అక్కా, సారు వద్దన్నడు గదా అన్న. సోమారం దాక ఆగితె పండ్లు వాని జేబుల ఉంటయి, నోట్ల గాదు అన్నది. సారు పనికెళ్ళి తీసేస్తె ఆమె ఎట్ల బతుకుతది? ఆమెకు ఆ సోయే లేదు.

తొడుగు చేసే ప్లాస్టిక్ రేకు అల్మారల ఒక్కటే ఉండె. కొత్తయి హైదరాబాదుకెళ్ళి రావాలె, లారీలు నడుస్తలేవు. సుద్ద బొమ్మ ఉండె. అక్క పద్నాలుగేండ్లు పక్కపొంటి నిలవడి చూసింది, ఒక్కసారి గూడ తన చేతితోని చెయ్యలే. కరెంటు పదింటికి వస్తది, పన్నెండు దాక ఉంటదని అందరంటుండ్రి. పదిన్నరకొచ్చింది. అక్క రేకును చట్రంల బిగిచ్చి మిషిని పెట్టింది. రేకు మెల్లగ మెత్తవడి, నడుమ బొడ్డు లెక్క కిందికి జారవట్టింది. ఇంక కొంచెం, ఇంక కొంచెం అంటున్నది. ఇగ బొమ్మ మీదికి దించుతె మిషిని గాలి పీల్చి అతికిస్తది.

దించింది. కరెంటు పోయింది.

పంక ఆగింది, మిషిని ఆగింది. రేకు బొమ్మ మీద ఉత్తగ పడి ఉన్నది, పీల్చేది లేదు. పది లెక్కవెట్టే లోపల గట్టివడ్తది, ఇగ అంతే సంగతులు. "గణపతీ, నీ సమ్మె సల్లగుండ" అని తమ్ముణ్ణి ఒక్క తిట్టు తిట్టి, అక్క తడి తువ్వాలను మడతవెట్టి ఆ కాల్తున్న రేకు మీద రెండు అరచేతులతోని ఒత్తింది. పొగలొచ్చినయి. జొన్నరొట్టె కొట్టినట్టు చుట్టూ తిప్పుకుంట, అంచులు ఒత్తుకుంట, పండ్ల సందులకు వేళ్ళతోని దిగదొబ్బుకుంట, పెదవి కొరుకుతున్నది గని చేతులు తీస్తలేదు. తీసేటాళ్ళకు అరచేతులు ఎర్రగ ఉబ్బినయి. నేను ఏడుస్తున్న. ఆమె రేకును ఊడదీసేది చూస్తున్నది.

ఊడింది. రేకు బాగనే ఉన్నది. బొమ్మ నడుమకు పర్రెలిచ్చి రెండు చెక్కలైంది.

అంచులు కత్తిరిచ్చి, రాకి, సల్లటి నీళ్ళల్ల కడిగి, నరేందర్ నోట్ల పెట్టింది. టక్కున కూసున్నది. మసక మసకగ ఉన్నది, సారు చేసినంత నున్నగ లేదు, గని పండ్లను పట్టుకున్నది. అప్పుడు అక్క ముక్కలైన బొమ్మను చూపెట్టి పిలగానికి చెప్పింది. ఇగ బొమ్మ లేదు, రేకు లేదు. ఇది పోతె ఇంకోటి రాదు. రేపటి సంది దీన్ని నువ్వు కడగొద్దు, మీ అమ్మ కడగొద్దు. రోజు పొద్దున ఈడికి రా, నేనే కడుగుత.

అట్ల మొదలైంది. సద్దుల బతుకమ్మ పోయింది, దసర పోయింది. ఊరంత జమ్మి పంచుకుంటుంటె గూడ పిలగాడు సైకిల్ మీద ఆరు కిలోమీటర్లు వచ్చేది, దొడ్డి దిక్కు తలుపు కొట్టేది. చేతులకు గుడ్డలు చుట్టుకుని, ఆ పొక్కుల చేతులతోనే అక్క తొడుగు తీసేది, ఎనకకెళ్ళి, మెల్లగ, ఊపిరి ఆపుకుని. వాడు ఉప్పునీళ్ళు పుక్కిలించే లోపల ఆమె కడిగేది. లోపలి దిక్కు ముందుగాల, బయటిది తర్వాత. వెలుగుకు అడ్డం పెట్టి పర్రె ఏమన్న పడ్డదా అని తిప్పి తిప్పి చూసేది. పర్రె లేదు అంటెనే నేను ఊపిరి తీసేదాన్ని. ఆమె చూపుడు వేలితోని పండ్లను ఊపి చూసేది. మొదటి వారం ఊగినయి. రెండో వారం తక్కువైనయి. మూడో వారం మొదట్ల, ఏరు పట్టుకుంటున్నది రా అన్నది. పిలగాడు కండ్ల నీళ్ళు తీసిండు.

ఆ వారంలనే హెడ్డు కానిస్టేబుల్ భద్రయ్య వచ్చిండు.

పొద్దున ఎనిమిదైంది. నరేందర్ నోట్లకెళ్ళి తొడుగు తీసి అక్క దొడ్లె నల్ల కాడ కడుగుతున్నది. వాడు ఎక్స్ రే అర్రల పుక్కిలిస్తున్నడు. నేను ముంగట బల్ల తుడుస్తున్న. సగం షట్టరు కింది నుంచి ముందు బూట్లు కనవడ్డయి, తర్వాత భద్రయ్య వంగి లోపలికొచ్చిండు. రైలు రోకో నాడు నోరు పగిలిన పిలగాడు ఎవడన్న ఈడికొచ్చిండా అని మెల్లగ అడిగిండు. దవాఖానలన్ని తిరుగుతున్నడంట.

నేను లేదు అనాలె. రెండక్షరాలు. లేదు అనుడు ఇడిసిపెట్టి, నా పాడు కండ్లు ఎక్స్ రే అర్ర తలుపు దిక్కు పోయినయి. నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంట. భద్రయ్య ఆ చూపు పట్టిండు. ఆ తలుపు దిక్కు ఒక అడుగేసిండు.

అప్పుడే అక్క దొడ్లకెళ్ళి వచ్చి తలుపుకు అడ్డం నిలవడ్డది. చేతిల తొడుగు, నీళ్ళు కారుతున్నయి.

అదేంది అన్నడు. పండ్ల తొడుగు అన్నది. ఎవలది అన్నడు.

"నాది," అన్నది.

భద్రయ్య ఆమె వంకర పండ్ల దిక్కు చూసిండు, తొడుగు దిక్కు చూసిండు. నీదైతె నీ నోట్ల లేదెందుకు అన్నడు. కడుగుతున్న గదా సారూ అన్నది. కడిగినవు గదా, ఇగ పెట్టుకో అన్నడు.

ఒకల తొడుగు ఒకలు ముట్టుడే పాపమని పద్నాలుగేండ్లు ఊరికి చెప్పిన మనిషి. చిన్నపిల్లలు తమాషకు చెల్లె తొడుగు పెట్టుకుంటె చెంప మీద కొట్టిన మనిషి. ఆమె ఒక్క క్షణం ఆ తొడుగు దిక్కు చూసింది. తర్వాత నోట్ల పెట్టుకున్నది.

పట్టదు. ఎట్ల పడ్తది? సాపు పండ్ల తొడుగు వంకర పండ్ల మీద ఎట్ల కూసుంటది? రెండు బొటనవేళ్ళు పెట్టి పైకి దొబ్బింది. ఏదో కట్టుమన్నట్టు ఒక చప్పుడైంది. ఇరిగింది తొడుగా, పన్నా? నా మనసుల అది తప్ప ఇంకోటి లేదు. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, గని మూతి ముడవలే. పండ్లన్ని చూపెట్టి నవ్వింది. చిగురుకెళ్ళి సన్నగ నెత్తురు దిగుతున్నది.

భద్రయ్య పోతడనుకున్న. పోలే. కుర్చీ గుంజుకుని కూసున్నడు. మంచినీళ్ళు అడిగిండు. నేను ఇచ్చిన. ఆయన గుక్క గుక్క తాగుకుంట, సమ్మె ఎన్ని దినాలుంటదో, జీతాలు ఎప్పుడొస్తయో చెప్తున్నడు. అక్క ఆ తొడుగుతోనే జవాబు చెప్తున్నది, సమ్మె అయిదాక పెండ్లాం బిడ్డలను మంచిగ చూసుకొమ్మని ఆయనకే బుద్ధి చెప్తున్నది. సా అనేది షా అయితున్నది, పెదవి కింద నెత్తురు కొంగుతోని అద్దుకుంటున్నది. తలుపవతల ఆ పిలగాడు తొడుగు లేకుండ, ఊపిరి బిగవట్టి నిలవడ్డడు. పది నిమిషాలు. నాకు పదేండ్లు.

ఆఖరుకు భద్రయ్య లేచిండు. షట్టరు కాడ ఆగి ఎనకకు తిరిగిండు.

"అక్కా, నీ పండ్లు పదిలం," అన్నడు. పోయిండు.

ఆయన నమ్మిండా, నమ్మనట్టు చేసిండా, ఈ దినం దాక మాకు తెల్వది. ఆయనది గూడ ఈ దిక్కు ఊరే. గని చీటీల ఏం రాయకుండ పోయిండు, అది మాత్రం చూసిన.

షట్టరు దించి వచ్చేటాళ్ళకు అక్క ముఖం తెల్లగైంది. తొడుగు వస్తలేదు. ఆమె వంకర పన్ను దాని అంచు లోపల ఇరికింది. ఊరందరికి శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డట్టు, తొడుగు ఎట్ల తియ్యాల్నో అందరికి నేర్పిన మనిషి తన నోట్ల తొడుగు తీయలేక నిలవడ్డది. గుంజుతె పగుల్తది. పగిలితె పిలగాని పండ్లు పోతయి, మిలిటరీ పోతది, ఈ మూడు వారాలు పోతయి. నరేందర్ అర్రలకెళ్ళి వచ్చి, చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని చూస్తున్నడు.

అక్క అద్దం ముంగట నిలవడ్డది. ఎనకకెళ్ళి లేపింది, కుడి దిక్కు వచ్చింది, ఎడమ దిక్కు వచ్చింది, ముంగట మాత్రం వస్తలేదు. ఇగ చెంచా కాడ తీసుకుని తొడుగు అంచుకు గాదు, తన పంటికి ఆనిచ్చింది. నేను వద్దక్కా అన్న. ఆమె కండ్లు మూసుకుని లోపలికి ఒక్క నెట్టు నెట్టింది. కట్టుమన్నది. పంటి కొస ఒక ముక్క ఇరిగి నీళ్ళ తొట్టిల పడ్డది. తొడుగు సాపుగ చేతిలకొచ్చింది.

తన నోరు తుడుసుకోలే. ముందు తొడుగును వెలుగుకు పెట్టి చూసింది. పర్రె లేదు. నల్ల కింద పెట్టి కడిగింది, మళ్ళ కడిగింది, మూడోసారి సబ్బు నీళ్ళు వేసి కడుగుతున్నది, ఆగుతలేదు. నెత్తురు ఎప్పుడో పోయింది, అయినా కడుగుతున్నది. పిలగాడు దగ్గరికొచ్చి చెయ్యి చాపిండు.

"నా ఎంగిలైంది రా," అన్నది అక్క. ఆమె గొంతు అట్ల సన్నవడుడు నేనెన్నడు వినలే.

"ఎంగిలేంది అక్కా, యాల్లైతుంది, ఇయ్యి," అన్నడు వాడు. ఆమె చేతిలకెళ్ళి తీసుకుని నోట్ల పెట్టుకున్నడు.

వాడు పోయినంక అక్క మొఖం కడుక్కుని, ఏం కానట్టు బల్ల మీది సామాను సర్దింది. నేను మాత్రం ఆ పూట బువ్వ తినలే. నా కండ్ల వల్లనే ఇదంత అయింది గదా. అక్కా నన్ను తిట్టు అన్న. తిట్టలే. కండ్లు చేసిన పనికి నిన్నేం తిడుత, పోయి కుర్చీ తుడువు అన్నది. తిట్టి ఉంటె నాకు నిమ్మళమవుతుండె.

సమ్మె నలభై రెండు దినాలకు ఆగింది. దీపావళి ముంగట సారు వచ్చిండు. అల్మారల పగిలిన బొమ్మ చూసిండు, ఖాళీ డబ్బ చూసిండు, అక్క అరచేతుల మచ్చలు చూసిండు. నిన్ను ముట్టొద్దన్ననా లేదా అని గట్టిగనే కోపం చేసిండు. అక్క తల వంచుకుని పడ్డది. తర్వాత నరేందర్ నోరు తెరిపిచ్చి తొడుగు చూసి, అంచు ఒక దిక్కు గరుకున్నదని తనే రాకి ఇచ్చిండు. నీ పన్ను ఏమైంది అని అడిగితె, ఉడకవెట్టిన గుడాల్ల రాయి తాకింది సారు అన్నది అక్క.

తారీఖు నాడు పిలగాడు తెల్లారక ముందు రైలెక్కిండు. ముంగటి దినమే అక్క తొడుగు తీసి, రెండు పండ్లను రెండు వేళ్ళ నడుమ పట్టి ఊపి చూసింది. ఎంతసేపు ఊపిందో. కదిలినయా అక్కా అంటె చెప్పలే. లోపలికి పోయేటప్పుడు తొడుగు తీసి డబ్బల పెట్టుకో, జేబుల పెట్టకు అని మాత్రం చెప్పింది.

ఆ దినం మందే మంది. సమ్మె అయినంక ఊరందరికి ఒక్కసారే పండ్లు యాదికొచ్చినట్టున్నది. పొద్దుగాల పదకొండైంది, ఒంటిగంట అయింది, మూడైంది. ఫోన్ మోగినప్పుడల్ల అక్క చేతులు నీళ్ళల్లనే ఆగుతున్నయి. ఎవలో పన్ను పీకుడు ఖర్చెంత అని అడుగుతున్నరు. నాలుగుంబావుకు మళ్ళ మోగింది. నేనే ఎత్తిన. ఎనక మస్తు లొల్లి, నరేందర్ బజార్ల డబ్బ ఫోన్ కాడికెళ్ళి చేస్తున్నడు. అక్కను పిలువమన్నడు. అక్క రాలే. ఒక పెద్దాయన సెట్టు తీసి చేతిల పట్టుకుని నిలవడ్డది, ఆయన కుర్చీల నోరు తెరిచి కూసున్నడు. నా దిక్కు చూడకుండనే అడిగింది.

"ఎన్ని లెక్కవెట్టిండ్రంట?"

నేను అడిగిన. చెప్పిండు. మిలిటరీ డాక్టరు వేళ్ళు పెట్టి ఒక్కొక్కటి గట్టిగ ఊపిండంట, ముంగటి రెండిటిని రెండుసార్లు ఊపిండంట, కదలలేదంట. కాయితం మీద ఫిట్టు అని రాసిండంట.

"ముప్పై అంట అక్కా," అన్న.

అక్క లెక్కవెట్టుకున్నది, వేళ్ళ మీద, సబ్బు నీళ్ళు కారుకుంట. జ్ఞానం పండ్లు ఇంక రెండే మొల్వాలె, అన్నీ ఉన్నయి అన్నది. నవ్వబోయింది, ఇరిగిన పన్ను కనవడ్డది, నవ్వు నడుమలనే ఏడుపైంది. నల్ల కాడనే కింద కూసుని, చేతిల ఆ సెట్టు అట్లనే పట్టుకుని, బోరున ఏడ్సింది. నేను ఫోన్ ఇడిసిపెట్టి పోయి ఆమెను పట్టుకుని ఏడ్సిన. కుర్చీల పెద్దాయన బోసినోరు తెరుసుకుని, తన పండ్లు ఎప్పుడిస్తరో తెల్వక, మా ఇద్దరి దిక్కు చూసుకుంట కూసున్నడు.